పచ్చి తంగేడు పుల్ల

నా చిన్నప్పుడు మా ఊళ్ళో మొగుడూ పెళ్ళాం విడిపోవాలనుకుంటే కోర్టు మెట్లెక్కేవాళ్ళు కాదు, పుల్ల విరిచేవాళ్ళు. పెద్దమనుషుల ముందు ఒకే పుల్లకు ఆ కొన మగవాడు, ఈ కొన ఆడమనిషి పట్టుకుని పుటుక్కున విరిచి, ఎవరి ముక్క వాళ్ళు అవతల పారేసి, ఎవరి దారిన వాళ్ళు పోవడమే. అంతటితో తెగిపోయినట్టు. పుల్ల తెచ్చే పని మాత్రం పిల్లనిచ్చిన ఇంటివాళ్ళది. పెళ్ళి బరువంతా మోసినవాళ్ళకు పుల్ల బరువొక లెక్కా అనుకున్నారో ఏమో, ఆచారం అట్లా ఉండేది.

మేము క్రైస్తవులం. ముదిగుబ్బ పక్కన మా పల్లెలో మావాళ్ళవి నాలుగైదు ఇళ్ళు, వాటి మధ్య ఒక రేకుల గుడి. గంట కొనే స్తోమత లేక రైలు పట్టా ముక్కను వేలాడదీసి దాన్నే కొట్టేవాళ్ళం. మా జేజినాయన, అంటే మా నాయనకు నాయన, ఆ గుడికి సంఘపెద్ద. పాస్టరు అయ్యగారు ఎప్పుడో ఒక ఆదివారం వచ్చిపోయేవారు కాబట్టి మిగతా రోజుల్లో వాక్యం చెప్పేది జేజినాయనే. ఎవరి పెళ్ళి జరిగినా చివర్లో గొంతు సవరించుకుని, దేవుడు జత చేసినవాళ్ళను మనిషి విడదీయకూడదని చెప్పేవాడు. జత అంటే నాకు తెలిసింది ఎద్దుల జతే. దేవుడు కూడా మా జేజినాయన లాగా తువ్వాలు భుజాన వేసుకుని సంతకు పోయి, ఎత్తు చూసి, నడక చూసి, ఒకదానికొకటి సరిపోతాయో లేదో చూసి తోలుకొస్తాడని చాలాకాలం నమ్మాను. మా ఎద్దుల్లో ఒకటి దుడుకుది, ఒకటి మొద్దుది. అయినా వాటి దున్నకం మా ఊళ్ళో ఏ జతకూ వచ్చేది కాదు.

అంతా బాగానే ఉంది కానీ, మావాళ్ళ తీరు ఎట్లా ఉండేదంటే పెళ్ళి గుడిలో చేసుకుని, తగువొస్తే మాత్రం ఊరందరితో పాటు పుల్ల దగ్గరికే పరుగెత్తేవాళ్ళు. జేజినాయనకు అదంటే ఒళ్ళు మంట. అటువంటిది ఒక ఏడాది ఆ పుల్ల మా ఇంటికే వచ్చింది.

మా అత్తను, అంటే మా నాయన చెల్లెలిని, శింగనమల వైపు గొర్రెలు కాసుకునే ఇంటికి ఇచ్చారు. వాళ్ళదీ మా సంఘమే. ఆ ఏడు చినుకు పడలేదు. వేరుశనగ మొలిచింది మొలిచినట్టే మాడింది, గొర్రెలకు నోట పెట్టేందుకు గడ్డిపరక లేదు. మా మామ ఒకరోజు తెల్లవారకముందే మందను తోలుకుని గుమ్మఘట్ట మీదుగా కన్నడ సీమకు వెళ్ళిపోయాడు. గొర్రెలవాళ్ళకు అది మామూలే. కాకపోతే అత్తకు ఒక్క మాట చెప్పలేదు. బిందె తీసుకుని నీళ్ళకు వెళితే, మీ ఆయన మందతో పోయినాడంటనే అని పక్కింటావిడ చెప్పింది. అత్త బిందె అక్కడే పెట్టేసి, ఇంటికి తాళం వేసి, ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని మా ఇంటికి వచ్చేసింది.

నాకు మాత్రం పండగే. అత్త నాకు రోజూ రెండు జడలు వేసేది. అయ్యగారు దగ్గుతూ ప్రార్థన చేసే తీరును అచ్చుగుద్దినట్టు చేసి చూపించేది. రాత్రి ఆమె పక్కలోనే పడుకునేదాన్ని. అత్త ఎప్పటికీ మా ఇంట్లోనే ఉండిపోవాలని మోకాళ్ళ మీద ప్రార్థన చేశాను కూడా. దేవుడు ఏ మొహం పెట్టుకుని విన్నాడో నాకు తెలియదు.

వానలు పడ్డాయి, మామ తిరిగొచ్చాడు. ఇంటికి తాళం చూసి ఆయనకూ పౌరుషం వచ్చింది. వచ్చేదుంటే రమ్మనండి, లేకుంటే పుల్ల విరిచేస్తామని కబురు పెట్టాడు. అత్త తక్కువదా, తననే రమ్మను, నేనేం భయపడతాండానా అని కబురు తిప్పి పంపింది. మా అవ్వ పొయ్యి ముందు కూర్చుని కొంగుతో కళ్ళు తుడుచుకోవడం మొదలుపెట్టింది. కబురు ఇక్కడికీ అక్కడికీ తిరిగి తిరిగి చివరికి ఒక ఉదయం ఖాయమైంది.

ఆ ఉదయం జేజినాయన కొండవాలుకు వెళ్ళి పూలతో సహా ఒక పచ్చి తంగేడు పుల్లను కోసుకొచ్చి గోడకు ఆనించాడు. తువ్వాలు మడతలో ఇంకేదో చుట్టి ఉంది కానీ నేను పట్టించుకోలేదు. అత్త నాకు జడ వేస్తూ ఉంటే వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"నీ మీద ఎప్పుడన్నా చెయ్యెత్తినాడామ్మా?"

"లేదు నాయనా."

"ఇంకొకతె ఏమన్నా ఉండాదా?"

"ఆ మొగానికి ఇంకొకతె కూడానా?" అని అత్త నవ్వబోయి ఏడ్చేసింది. నా జడ సగంలో ఆగిపోయింది. "పోతాండా అని ఒక్క మాట చెప్పింటే సాలు కదా నాయనా. నేనేమన్నా ఒద్దంటానా? ఇంట్లో ఉండే రోలుకు చెప్పకపోతే సరే, నాకు గూడా చెప్పకూడదా?"

జేజినాయన ఆమె తల నిమిరి, గోడకు ఆనించిన తంగేడు పుల్ల తీసుకుని బయటికి వెళ్ళాడు.

మా వాకిట్లో పందిరి కింద రెండు ఊళ్ళ పెద్దమనుషులు కూర్చున్నారు. మామ మంచం పట్టె మీద ఒక అంచున కూర్చున్నాడు, చిక్కిపోయి, ఎండకు మాడి నల్లబడి ఉన్నాడు. పసుప్పచ్చటి పూలతో ఊగుతున్న ఆ పుల్లను చూసి ఒక పెద్దాయన, "ఏమప్పా, పచ్చిది తెచ్చినావే?" అన్నాడు. "వానలు పడినాయి కదన్నా, ఎండుపుల్ల యాడ దొరుకుతుంది?" అన్నాడు జేజినాయన, పాపం ఏమీ ఎరగనట్టు.

అత్తా మామా చెరో కొన పట్టుకున్నారు. వంచారు. లోపల టప్పుమంది కానీ పుల్ల రెండు కాలేదు. తంగేడు సంగతి తెలిసినవాళ్ళకు తెలుసు, కట్టె విరిగినా పైనున్న నార వదలదు. గుంజారు, వదల్లేదు. మెలి తిప్పారు, నార తాడులాగా పేనుకుని ఇంకా గట్టిపడింది. పూలన్నీ రాలి మామ తల మీద పడ్డాయి. పందిరి గుంజ వెనకాల నుంచి నేను, తెంపు దేవా, తెంపు దేవా అని గొణుగుతూనే ఉన్నాను. ఎవరో కొడవలి ఇవ్వబోతే జేజినాయన చెయ్యి అడ్డం పెట్టాడు. "కోస్తే ఇరిసినట్లు యాడైతాదన్నా? ఆచారం ఆచారమే" అన్నాడు.

మామకు రోషమొచ్చి నారను పళ్ళతో పట్టి కొరికాడు. ఆ వగరుకు ఆయన మొహం ఎట్లా మారిందో చూసి పిల్లలందరం కిసుక్కున నవ్వాం. అత్త మాత్రం నవ్వలేదు.

"ఆపొద్దు చెప్పకుండా పోయేకి ఇంత కష్టపడలేదే నువ్వు" అంది.

మామ తల దించుకున్నాడు. "నువ్వు మేలుకుంటే నా కాళ్ళు కదలవు. ఈడనే ఉంటే గొర్రెలు సస్తాయి. అందుకే లేపలేదు" అన్నాడు.

"ఆ మాట అప్పుడే చెప్పేకి నోట్లో ఏం పెట్టుకున్యావు?"

"అప్పుడేం లేదు. ఇప్పుడే, తంగేడు పుల్ల."

అత్త మూతి బిగపట్టింది, బిగపట్టింది, ఇక ఆగలేక పకపకా నవ్వేసింది. పందిరి కిందున్న పెద్దమనుషులంతా నవ్వారు. లోపల మా అవ్వ ఏడుస్తూనే నవ్వి, అందరికీ సంగటి గెలకడానికి పొయ్యి మీద ఎసరు పెట్టింది. అత్త ఆ పుల్లను మామ చేతిలోంచి తీసుకుని రెండుగా మడిచి కొంగున ముడి వేసుకుంది.

మధ్యాహ్నం అన్నాలయ్యాక వాళ్ళిద్దరూ బయలుదేరారు. నేను అత్త కొంగు పట్టుకుని ఊరంతా వినబడేటట్టు ఏడ్చాను. మామ నా ముందు గొంతుక్కూర్చుని, "పోతాండాం పాపా" అని ఎంతో మర్యాదగా చెప్పాడు. ఆనాటి నుంచి ఆయన దొడ్లోకి వెళ్ళినా సరే పోతాండా అని వీధి చివరిదాకా వినబడేలా కేక వేసి వెళ్ళేవాడు. కొన్నాళ్ళకు వాళ్ళ ఊళ్ళో ఆయన పేరే పోతాండన్న అయిపోయింది.

వాళ్ళు కనుమరుగయ్యాక జేజినాయన అరుగు మీద కూర్చుని తువ్వాలు దులిపాడు. అందులోంచి ఒక ఎండు కందికట్టె కింద పడింది. తీసి ఊరికే వంచితే నా చిన్న చేతుల్లోనే పుటుక్కున విరిగింది. ఇదెందుకు తెచ్చావని అడిగాను.

"వాడు చెయ్యెత్తినోడైతే ఇదే ఇచ్చింటి" అన్నాడు.

విడదీయకూడదని గుడిలో చెప్పేది నువ్వే కదా అని నిలదీశాను. నేను చిన్నప్పటి నుంచీ నోరున్నదాన్నే. ఆయన కోప్పడలేదు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని పెద్దవాళ్ళకు చెప్పినట్టే చెప్పాడు.

"ప్రభువు ఆ మాట ఎందుకన్నాడో తెలుసునా? ఆ కాలంలో మొగోళ్ళు కూట్లో ఉప్పెక్కువైందని గూడా కాగితం రాసిచ్చి ఆడదాన్ని బజార్న నిలబెడతాండ్రి. అట్లాంటి ఆడోళ్ళ కోసం అన్నాడు. ఆడదాన్ని కాపాడేకి చెప్పిన మాటను దాని గొంతు మీద కాలు పెట్టేకి వాడితే ఆయన ఒప్పుతాడా? జత చేయడం దేవుని పనే. కానీ కాడి కింద ఒక ఎద్దు ఇంకోదాన్ని పొడిసి పొడిసి సంపుతాంటే, ఏ రైతన్నా సూస్తా నిలబడతాడా? కాడి ఇప్పుతాడు. మీ అత్త మాటలో నాకు పచ్చిదనం కనబడింది. అందుకే పచ్చిది తీసినా."

అప్పుడు నాకు అర్థమైంది సగమే. మిగతా సగం నాకు పెళ్ళై, పిల్లలు పుట్టి, ఆ పిల్లలకూ పెళ్ళిళ్ళు అయ్యాక అర్థమైంది. నా పెద్దకూతురు అలిగి పుట్టింటికి వచ్చినప్పుడు జేజినాయన అడిగినవే అడిగి, ఒక పూట కడుపు నిండా పెట్టి, మర్నాడు బస్సెక్కించాను. చిన్నది వచ్చినప్పుడూ అవే అడిగాను. అది రవిక చెయ్యి పైకి జరిపి చూపించింది. సంఘంలో కొందరు ఓర్చుకోమన్నారు. ఓర్చుకోవాల్సింది మీరు, మా ఇంటి మాట మేము చూసుకుంటామని చెప్పాను. ఇప్పుడది అనంతపురంలో మా వీధిలోనే ఉంటుంది. ఆదివారం గుడిలో ముందు వరుసలో కూర్చుంటుంది. పాట అందుకుంటే కప్పు లేచిపోవాల్సిందే. పెద్దదీ, దాని మొగుడూ ఇవాళ్టికీ కాట్లాడుకుంటూనే ఉంటారు, సంతోషంగా.

ఇక నా సంగతి. ఇంత వయసొచ్చినా కూరగాయలకు నేనే వెళతాను. మా ఆయన లోపల పేపరు చదువుతూ ఉంటాడు, చెవులు సరిగ్గా వినబడవు. అయినా నేను గుమ్మం దగ్గర నిలబడి, "పోతాండా" అని కేక వేస్తాను. వినబడకపోతే మళ్ళీ వేస్తాను. ఆయన పేపరు దించి "పోయిరా" అనేదాకా చెప్పుల్లో కాలు పెట్టను.