పాత తాడు చూపించి సంతకం

మా అపార్టుమెంటు లిఫ్టు బాగుచేసే ఆవిణ్ణి అందరం లిఫ్టమ్మ అంటాం. అసోసియేషన్ అధ్యక్షుణ్ణి కాబట్టి పదకొండేళ్ళుగా ఆవిడతో పేచీ నాదే. రెండు మూడేళ్ళకోసారి, నిక్షేపంగా నడుస్తున్న లిఫ్టుకి ఇనుప తాళ్ళు మార్చాలంటుంది. "తెగాక మారుద్దామా సార్, మీరు లోపల ఉన్నప్పుడు?" అని నా నోరు మూయిస్తుంది. ఆవిడకో నియమం. విప్పిన పాత తాడు నాకు చూపించి, సంతకం పెట్టించుకోనిదే కదలదు. దాని పురి విప్పితే లోపల పోగు ఒక్కటీ తెగి లేదనుకోండి, మళ్ళీ మార్చేదాకా దెప్పుతూనే ఉంటాను.

ఈసారి డాబా మీది మిషను గదిలో తాళ్ళవంక చూసి, "బాగానే ఉన్నాయిగా, ఇంకో ఏడాది లాగించెయ్యండి" అంది. ఆ లిఫ్టులో కిందికి దిగాలంటే నాకు చెమటలు పట్టాయి.

గుచ్చి గుచ్చి అడిగితే పనిముట్ల పెట్టె మీద కూలబడి చెప్పింది. వాళ్ళమ్మ, అక్క ఇద్దరూ నలభై నిండకుండానే రొమ్ము క్యాన్సర్‌తో పోయారు. ఈవిడకి ముప్ఫై ఎనిమిది. ఆ జబ్బు తెచ్చే జన్యులోపం ఈవిడ రక్తంలోనూ ఉందని పరీక్షలో తేలింది. జబ్బు రాకముందే రెండూ తీయించుకోవచ్చు, ఆలోచించుకోమంది డాక్టరమ్మ.

"మా పిన్నేమో, బాగున్నవాటిని కోయించుకుంటావుటే పిచ్చిదానా అంటోంది. మా ఆయన గోడకేసి చూస్తాడు. తీరా తీశాక లోపల ఏమీ లేదంటే?"

నాకు ఒళ్ళు మండింది. పదకొండేళ్ళు నాకు చెప్పిన మాటలన్నీ, ఒక్కటీ వదలకుండా ఆవిడకే అప్పజెప్పాను.

"తాళ్ళకి కొత్తవి దొరుకుతాయి సార్" అంది.

కాసేపటికి తనే లేచి, ముక్కు తుడుచుకుని, తాళ్ళు మార్చడం మొదలెట్టింది. వెళ్తూ వెళ్తూ, "వచ్చే నెల నేను రాను, వేరే మనిషొస్తాడు" అంది.

రెండు నెలలకి వచ్చింది. చిక్కిపోయింది, వదులు చొక్కా వేసుకుంది. నా ముందు ఆసుపత్రి కాగితం పెట్టింది.

"పాత సామాను చూపించి సంతకం తీసుకోవాలిగా. సామాను మాత్రం ఇవ్వం అన్నారు. ఇదే ఇచ్చారు."

కళ్ళజోడు పెట్టుకుని చదివాను. క్యాన్సర్ ఆనవాళ్ళు ఎక్కడా లేవు. అలవాటుకొద్దీ నోరు జారాను.

"అంటే, బాగున్నవాటినే మార్పించావన్నమాట!"

ఆవిడ పగలబడి నవ్వింది, "అబ్బా, కుట్లు" అని ఛాతీ పట్టుకుంటూ. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చేసింది.

"మా అమ్మ కాగితంలో ఈ ముక్క లేదు సార్. అక్క కాగితంలోనూ లేదు."

సంతకం ఎక్కడ పెట్టాలో చూపించమన్నాను. నాకు కాగితం కనబడటం లేదు.