రాక్షస బల్లి పలికింది

నిన్న కొత్త డైనోసార్ సినిమా రెండో భాగంలో ఆ గర్జన వినగానే పాతబస్తీలో శాలిబండ సినిమా హాలు గుర్తొచ్చింది. మన చిన్నప్పుడూ ఇలాగే ఓ రెండో భాగం వచ్చింది, గుర్తుందా? పోస్టర్ మీద ‘రాక్షస బల్లి’ అని ఉంటే, బల్లే కదా అనుకుని నానమ్మ నాతో వచ్చింది.

తెర మీద చార్మినార్ అంత తల లేచింది. నేను నానమ్మ చెయ్యి పట్టుకున్నాను.

"నానమ్మా, మనం పాణంతోని ఇంటికి పోతమా?"

"పోతం బిడ్డా."

అప్పుడే అది గర్జించింది. జనమంతా కేకలు. నానమ్మ మాత్రం ఇంట్లో బల్లి పలికినప్పుడు చేసినట్టే కుర్చీ చెక్క మీద వేలితో టక్‌టక్‌మని కొట్టింది.

"సత్యం! బల్లి గూడ పలికింది. ఇగ ఫికర్ చెయ్యకు."

నిన్న నా కూతురు కూడా నా చెయ్యి పట్టుకుని అదే అడిగింది. "పోతం బిడ్డా" అన్నాను. తెర మీద అది గర్జించింది.

చీకట్లో నా వేలు చెక్క కోసం వెతికింది.