వెనక బెంచీలో ఎకనామిక్స్ సారు

మొన్న మా కోడలు వంటింట్లో బియ్యపు డబ్బాకు ఫోను ఆనించి, కెమెరా ఆపేసి, చిక్కుడుకాయలు తుంచుతూ లెక్చరర్ల శిక్షణ తరగతి విన్నది. చివర్లో అటువైపు నుంచి సందేహాలున్నాయా అని అడిగితే ‘నో డౌట్స్ సర్’ అని టైపు చేసి కుక్కరు దించింది. ఏం చెప్పారే అని అడిగితే నవ్వి, “ఏమో అత్తమ్మా, సర్టిఫికెట్ అయితే వస్తది” అంది. దాన్ని నేను తప్పు పట్టను, పొద్దంతా నిలబడి పాఠాలు చెప్పి వచ్చిన మనిషికి మళ్లీ పాఠం వినే ఓపిక ఎక్కడుంటుంది చెప్పండి. కానీ నాకు మాత్రం సూర్యాపేటలో మా కాలపు శిక్షణ గుర్తొచ్చి, ఆ పూటంతా మనసు అక్కడే తిరిగింది.

అప్పుడు నేను కోదాడ కాలేజీలో లెక్కలు చెప్పేదాన్ని, అదీ తాత్కాలిక ఉద్యోగం, ఏటా జూన్‌లో ఉంచుతారో తీసేస్తారో తెలియని బతుకు. మిర్యాలగూడలో మా ఆయన పనిచేసే రైసు మిల్లు మూతపడి, ఇల్లంతా నా జీతం మీదే నడుస్తోంది. నన్ను ఉంచాలా వద్దా అని చెప్పాల్సింది మా ఎకనామిక్స్ సారు. ఆయనే ఇన్‌ఛార్జి ప్రిన్సిపాలు, గరిడేపల్లి మనిషి, ఎదురుపడితే సీనియర్లు కూడా పక్కకు తప్పుకునేవాళ్లు. ఆ ఎండాకాలం మా కాలేజీ నుంచి శిక్షణకు వెళ్లింది ఆయనా నేనూ, ఇద్దరమే.

అక్కడ ఒకరు పాఠం చెబితే మిగతా లెక్చరర్లం బెంచీల మీద పిల్లల్లా కూర్చోవాలి. సారు వంతు వచ్చి ‘డిమాండ్ వ్యాకోచత్వం’ అని బోర్డు మీద రాసి, గడగడా చెప్పేశారు. అందరం తలలూపాం. శిక్షణ ఇచ్చే పెద్దాయన ఊరుకోక, నన్ను లేపి ఇప్పుడు విన్నది మీ మాటల్లో చెప్పమన్నారు. ఏదో ఒకటి అల్లి చెప్పొచ్చు కదా, అదీ చేతకాలేదు. పుస్తకాల తెలుగు మొత్తం ఎటుపోయిందో, అర్థం కాలేదని చెప్పడానికి ఇంట్లో మాట్లాడినట్టే “నాకు సమజ్ గాలె సార్” అనేశాను.

నా ఉద్యోగం పోయినట్టే అనుకున్నాను. సారు మళ్లీ అదే పాఠం ఇంకాస్త గొంతు పెంచి చెప్పారు, మన వృత్తిలో అందరికీ ఉన్న జబ్బే అది. నేను ఇంకా బిక్కమొహం వేసుకునే ఉన్నాను. ఆయన సుద్దముక్క కింద పెట్టి, “ఉప్పు పిరమైతే కూరల ఉప్పు ఏసుడు బంజేస్తవా?” అని అడిగారు. ధర పెరిగినా ఉప్పు మాననన్నాను. “బత్తాయిలు పిరమైతే?” కొనడం తగ్గిస్తానన్నాను. “గంతేనమ్మా, గదే పాఠం” అన్నారు. అప్పుడు నాకే కాదు, హాల్లో తలలూపిన చాలామందికి తెలిసింది. కానీ తిరుగుప్రయాణంలో కోదాడ దాకా సారు నాతో ఒక్క మాట మాట్లాడలేదు, నేను దేవుళ్లందరికీ మొక్కుకుంటూ కూర్చున్నాను.

జూన్‌లో కాలేజీ తెరిచారు. నా సంగతి ఇంకా తేల్చలేదు. నేను ప్రమేయాల పాఠం, అదే ఫంక్షన్లు, చెబుతుంటే సారు తిన్నగా లోపలికి వచ్చి, వెనక బెంచీలో పిల్లల మధ్య ఇరుక్కుని కూర్చున్నారు. కాసేపటికి చెయ్యెత్తి, “మేడం, నాకు సమజ్ గాలె” అన్నారు. పిల్లలు గొల్లుమన్నారు. కసి తీర్చుకుంటున్నాడు ముసలాయన అని ఒళ్లు మండిపోయింది, ఏడుపూ వచ్చింది. అయినా మింగుకుని, వడ్ల మర సంగతి ఎత్తుకున్నాను, ఈ వడ్లు పోస్తే ఈ బియ్యమే రావాలి గానీ ఒకసారి బియ్యం, ఒకసారి జొన్నపిండి రాకూడదు కదా అని. అప్పుడు ముందు బెంచీలో ఎన్నడూ నోరు విప్పని మఠంపల్లి పిల్ల లేచి, “మేడం, నాక్కూడా తెల్వలేదు, ఇంకోసారి చెప్తారా” అంది. దాని వెనకే ఇంకో ఇద్దరు లేచారు. సారు చప్పుడు చెయ్యకుండా బయటికి వెళ్లిపోయారు.

తర్వాత వరండాలో కలిసి, “ముందుగాల ఎవరో ఒకరు అడగాలె గదమ్మా. పోరగాండ్లకు భయముంటది. నాగ్గూడ సూర్యాపేటల నువ్వు అన్నంకనే, నేను చెప్పేది సమజైతలేదని ఎరుకైంది” అన్నారు. ఆ మధ్యాహ్నమే నన్ను కొనసాగిస్తున్నట్టు సంతకం పెట్టారు. ఇంటికి పోయి మా ఆయనకు చెప్పి, ఆపుకోలేక ఏడ్చాను. అప్పటి నుంచి సారు రిటైరయ్యేదాకా ఆయన నా తరగతిలో, నేను ఆయన తరగతిలో వీలైనప్పుడల్లా వెనక కూర్చున్నాం. మాకు నిజమైన శిక్షణ అదే.

సారు వెళ్లిపోయాక నేను పర్మినెంటయ్యాను, సీనియర్నయ్యాను, కొత్తగా వచ్చిన లెక్చరర్లు నన్ను చూసి కుర్చీల్లోంచి లేవడం మొదలుపెట్టారు. నా తరగతిలో వెనక బెంచీలో కూర్చోమని ఎవరిని అడుగుతాను, అడిగినా ఎవరు కూర్చుంటారు? గౌరవం చాలా దొరికింది, కాదనను. కానీ ఆ ఆఖరి ఏళ్లలో నేను చెప్పింది ఎందరికి తెలిసిందో, ఎందరికి తెలియలేదో నాకు ఇప్పటికీ తెలియదు.