ఉంతాలీస్ అంటే ఎంత

ఆ ఒక్క పూట పోయినవి: యాభై ఐదు నిమిషాలు, ఒక ఎక్స్‌రే, బల్ల మీది మనిషికి అదనంగా ఎక్కించిన మత్తు, మత్తు డాక్టరు ఓపిక. తప్పు నాది.

బహదూర్‌పురాలో మాది చిన్న ఆసుపత్రి. ఆపరేషన్‌లో రక్తం అద్దే, ఎక్స్‌రేలో కనబడే దారమున్న గాజ్ ముక్కలను మేమే కత్తిరించి కట్టలు కడతాం కాబట్టి, కట్టకు ఇన్ని అని ఉండదు. వాడిన ముక్కల లెక్క సిస్టరు పైకి చెబుతుంది, నేను బోర్డు మీద రాస్తాను. చివర్లో అన్నీ బయటికి వచ్చాయని తేలాకే కుట్లు.

మా సర్జన్ అంతకు వారం ముందే నాయకత్వ శిక్షణకు వెళ్లి వచ్చారు. అంతకుముందు ఎవరైనా మధ్యలో మాట్లాడితే కత్తెర విసిరేవారు. వచ్చాక మమ్మల్ని కూర్చోబెట్టి, "అనుమానమొస్తే ఎవ్వరైనా ఆగండి అనాలె. నేను ఆగుత" అన్నారు. అందరి చేతా ఆ మాట అనిపించారు.

"గిట్ల అంటే రేపు నా నౌకరీ ఆగుతది సార్" అంది ఆయా.

ఆ రోజు బోర్డు మీద నలభై తొమ్మిది. బయటికి వచ్చినవి ముప్పై తొమ్మిది.

"సార్, ఆగండి. పది తక్కువున్నయ్" అన్నాను.

ఆగారు. నా బోర్డు లెక్క తప్పదని అందరి నమ్మకం. బకెట్లు, చెత్త సంచి, నేల వెతికాం. ఎక్స్‌రే తీశాం. ఏమీ లేదు. అప్పుడు సిస్టరు బోర్డు వైపు తిరిగింది.

"భాయ్, నేను ఉంతాలీస్ అన్న. అంటే ముప్పై తొమ్మిది. నువ్వేం రాసినవ్?"

ఉర్దూ అంకెలు నేను విని నేర్చుకున్నవే. ఎక్తాలీస్ నలభై ఒకటి, పైంతాలీస్ నలభై ఐదు. ఉన్నీస్ పంతొమ్మిది కాబట్టి, ఉంతాలీస్ కూడా నలభైల్లోదే, నలభై తొమ్మిది అనుకున్నాను. మా చిన్న ఆపరేషన్లలో లెక్క అంతదాకా ఎప్పుడూ పోలేదు.

సర్జన్ కత్తెరను మెల్లగా ట్రేలో పెట్టారు. తర్వాత, పాఠం అప్పజెప్పినట్టు, "మంచి పని చేసినవన్నా. మళ్ల అనుమానమొస్తే మళ్ల ఆపు" అన్నారు.

మత్తు డాక్టరుకు వేరేచోట టైమైంది, వెళ్లిపోయారు. తర్వాతి పేషెంటు, పిత్తాశయంలో రాళ్లతో జల్‌పల్లి నుంచి వచ్చిన ఆమె, రాత్రి నుంచి ఏమీ తినకుండా బయట స్ట్రెచర్ మీద ఉంది. వాయిదా అని నేనే చెప్పాను.

"పనిల మళ్ల సెలవియ్యరన్నా" అని, చెప్పులు వెతుక్కుంది.

ఆ తర్వాత నాకు రెండుసార్లు అనుమానం వచ్చింది. రెండుసార్లూ ఆపాను. జల్‌పల్లి ఆమెకు తొమ్మిదిసార్లు ఫోన్ చేశాను. "గోలీలతోని నడుస్తున్నది, చూస్తనన్నా" అంటుంది. మేము ఆమెకు ఇంకా చెయ్యాల్సిన ఆపరేషన్లు: ఒకటి.