మూడు కన్నాలన్నారు

అరసవల్లిలో చేపలమ్మే మా అత్తకు ఊపిరితిత్తుల్లో కేన్సర్. కోతంటే భయపడి ఆపరేషన్ వద్దంది. "మూడు చిన్న కన్నాలతోనే" అన్న ఆసుపత్రి బోర్డు చదివి వినిపించి నేనే ఒప్పించాను.

ఈ రోజు కట్టు మారుస్తుంటే చూశాం. వీపు నుంచి రొమ్ము కిందిదాకా కుట్లే.

డాక్టర్ని అడిగాను. "కన్నాలతో చేసే మిషన్ వచ్చిందమ్మా, దాన్ని వాడే డాక్టరే ఇంకా చేరలేదు" అన్నారు తాపీగా. సంతకాలు పెట్టించుకున్నప్పుడే ఆ మాట చెప్పి ఉంటే విశాఖ తీసుకెళ్లేదాన్ని.

అత్త నా చెయ్యి వదిలేసింది. "ఆ బోర్డు నాకేటి తెలుసే? నువ్వు సెప్పినావనే ఒప్పుకున్నాను" అంది.

గడ్డ పూర్తిగా తీసేశారట, సంతోషించాలట. సంతోషంగానే ఉంది, ఆమె ముఖమే చూడలేకపోతున్నాను. మీరైతే ఆమెకు ఏం జవాబు చెప్పేవారు?