గాలి సూది

ఆవిడ నర్సుగా రిటైరై చాలాకాలమైనా, ఆసుపత్రిలో పాతవాళ్ళు ఇంకా చుక్కల సిస్టర్ అనే పిలుస్తారు. సెలైన్ పెట్టిందంటే ఒక కన్ను వాచీ మీద, ఒక కన్ను చుక్క మీద. పక్కన పిడుగు పడ్డా ఆవిడ లెక్క తప్పేది కాదు.

ఆ రోజుల్లో సెలైన్ గాజు సీసాల్లో వచ్చేది. గాజు నొక్కుకుపోదు కదా, లోపలికి గాలి పోతేనే నీళ్ళు కిందికి దిగేవి. అందుకని రబ్బరు మూతలో ఇంకో సూది గుచ్చేవారు. అదే గాలి సూది. అది గుచ్చగానే సీసాలో బుడబుడమని బుడగలు లేచేవి. ఆ చప్పుడు వింటే రోగికి సగం రోగం కుదిరినట్టే అనిపించేది ఆవిడకి.

అలాంటి మనిషి ఇప్పుడు అదే వార్డులో మొగుడి మంచం పక్కన నిలబడింది. ఆయన ఒకప్పటి బస్సు డ్రైవరు. రాత్రంతా వాంతులూ విరేచనాలతో ఒంట్లో నీరూ ఉప్పూ పోయి, నాలుక పిడచకట్టుకుపోయింది. కళ్ళు లోతుకు పోయాయి. పిక్కలు పట్టేస్తున్నాయి. డ్యూటీలో ఉన్న నర్సు వాళ్ళ కోడలే. ఎండిపోయిన చేతిలో ఎలాగో నరం దొరకబుచ్చుకుని సెలైన్ ఎక్కించింది.

"రక్తం రిపోర్టు తెస్తాను. ఉప్పులు ఎంత తగ్గాయో చూసి డాక్టరుగారు మందు కలపమంటారు. మీరు దేన్నీ ముట్టుకోకండత్తయ్యా."

"నాకు చెప్తున్నావటే!"

కోడలు అటు వెళ్ళిందో లేదో, ఇటు చుక్క ఆగిపోయింది. ఆవిడ తలెత్తి సెలైన్ సంచి వైపు చూసింది. గాలి పోవట్లేదు! ట్రేలో సూది తీసింది, సంచి అడుగున రబ్బరులో కసుక్కున గుచ్చింది. బుడగలేవీ రాలేదు. ఆ సూదిలోంచి నీళ్ళు ధారగా ఆయన మొహం మీద పడ్డాయి.

"ఏమే, వాన మొదలైందా?" అన్నాడు ఆయన కళ్ళు తెరవకుండానే.

కోడలు పరుగున వచ్చి తల పట్టుకుంది. "అయ్యో అత్తయ్యా! ఇది సీసా కాదు, సంచి. ఖాళీ అయ్యేకొద్దీ దానంతటదే ముడుచుకుపోతుంది. గాలెందుకు? మావయ్యగారు మోచెయ్యి మడిచారు, అందుకే చుక్క ఆగింది, అదీ సంగతి!"

ఆయన చెయ్యి తిన్నగా చాపి పెట్టి, కొత్త సంచి తగిలించింది. చుక్కలు మొదలయ్యాయి. చుక్కల సిస్టర్ మొహం మాత్రం చిన్నబోయింది.

"ఇవాళ నువ్వు సిస్టర్‌వి కాదులే," అన్నాడాయన, "నా పెళ్ళానివి. ఇలా వచ్చి కూర్చో."

కూర్చుంది. ఆయన మోచెయ్యి మళ్ళీ మడవకుండా ఒళ్ళో పెట్టుకుంది. ఇన్నేళ్ళలో ఆ వార్డులో ఆవిడ స్టూలు మీద కూర్చోవడం అదే మొదలు. పెదాలు మాత్రం చుక్కలు లెక్కపెడుతూనే ఉన్నాయి.

సాయంత్రానికి ఆయన మెల్లగా గొణిగాడు. "ఒంటికి పోవాలే."

"వస్తోందా!" అత్తాకోడళ్ళిద్దరూ ఒక్కసారే అరిచారు, లాటరీ తగిలినట్టు. ఒంట్లోకి నీరు తిరిగొచ్చిందనడానికి అదే గుర్తు మరి. పక్క మంచాలవాళ్ళు ఉలిక్కిపడి చూశారు.

"నెమ్మదే! పరువు పోతోంది," అన్నాడు డ్రైవరుగారు.

కోడలు ఆయన్ని పట్టుకుని నడిపిస్తుంటే ఆవిడ సంచి ఎత్తి పట్టుకుని వెనకాలే వెళ్ళింది. అలవాటు ఎక్కడికి పోతుంది, ఒకసారి చెవి దగ్గర పెట్టుకుని విన్నది. చప్పుడేం లేదు. లేకపోతేనేం, చుక్క పడుతూనే ఉంది.