పొయ్యిలో పెట్టిన వాడ లెక్క

ఊరి మొత్తం జనాభా దొరుకుతుంది గానీ వాడవాడ లెక్కలు ఇకమీదట విడిగా ఇవ్వరేమోనని మొన్న పేపర్లో చదివాను. చదివి ఊరుకోవచ్చు కదా? చేత కాలేదు. అప్పట్నుంచి ఒక చోట కూర్చోలేక వంటింటికీ వాకిలికీ తిరుగుతూనే ఉన్నాను.

అడవిలోని నక్సలైటు అన్నలూ పోలీసులూ ఇద్దరూ ఊళ్లమీద తిరిగే రోజులవి. సారంగాపూర్ దగ్గర ఒక ఊళ్లో టీచరుగా ఉన్న నాకు జనాభా లెక్కల పని పడింది. ఆ ఊరికి వాగు అవతల కూలీల వాడ ఒకటుంది. నన్ను చూసి తలుపులు దగ్గరికి వేశారు. ఇంట్లో ఎందరున్నారని పోలీసులు కూడా అడుగుతారాయె, నాకెందుకు చెబుతారు? వాగు ఇసుకలో చెలిమె గుంట తోడి నీళ్లు తెచ్చుకుంటున్న ఒక అవ్వ మాత్రం నన్ను కూర్చోబెట్టింది. లెక్కలో పడితే మీ వాడకు విడిగా బోరింగు వస్తుందని ఆమెతో అనేశాను. అలా చెప్పమని నాకెవరూ చెప్పలేదు. నా నోరు పడిపోను, పని జరగాలని నోటికొచ్చింది అన్నాను. ఆమె నమ్మి, నా వెంట ఇల్లిల్లూ తిరిగి అందరి చేతా చెప్పించింది. తలుపుల మీద నేను నంబర్లు వేస్తుంటే ఎర్రమట్టి జాజు గిన్నె తనే పట్టుకుంది.

నింపిన లెక్కల పుస్తకాలు ఆఫీసులో అప్పగించాను. వాడ పటం గీసి, ఇంటింటి మనుషులను రాసుకున్న చిత్తు నోటుబుక్కు నా దగ్గరే ఉండిపోయింది. అలాంటివి ఇంట్లో ఉంచుకోకూడదని రూలు. ఒకరోజు నేను బస్సు దిగుతుంటే జీపులోంచి ఒక పోలీసాయన పిలిచి, ఆ వాడలో ఇల్లిల్లూ మీకు తెలుసట కదా అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఇంటికొచ్చి చెప్పులైనా విడవకుండా నోటుబుక్కు పొయ్యిలో పెట్టాను.

రెండేళ్లకు నిజంగానే వాడలకు బోరింగులు మంజూరు చేస్తామన్నారు. వాడలో ఇంతమంది ఉన్నారని లెక్క చూపాలి, అంతే. అవ్వ నన్ను వెంటబెట్టుకుని ఆఫీసుకు పోయింది. ఊరి మొత్తమే ఉంది, వాడది విడిగా లేదన్నాడు గుమస్తా. మళ్లీ లెక్కపెట్టి తెస్తానంటే చెల్లదన్నాడు. అప్పటి కాగితం నా దగ్గరేదైనా ఉంటే తెమ్మన్నాడు, పైకి పంపుతానన్నాడు. అవ్వ ముఖం విప్పారింది.

"పంతులమ్మ రాసింది గదా, పదిలంగనే దాసి ఉంటది."

బయటికొచ్చాక ఆమెకు నిజం చెప్పాను. ఆమె తిట్టలేదు. కొంగుతో మొహం తుడుచుకుని అడిగింది.

"పోలీసోళ్లకు మేం దొరుకుతమని కాలబెట్టినవా బిడ్డా, నువ్వు దొరుకుతవని కాలబెట్టినవా?"

"మీ కోసమే అవ్వా" అన్నాను.

ఆమె ఆ మాట కూడా నమ్మింది. వాడకు రావాల్సిన బోరింగు ఊళ్లో పడింది. ఆ ఎండాకాలం నేను బడికి పోతుంటే, అవ్వ వాగులో చెలిమె దగ్గర్నుంచి ఎప్పటిలాగే పలకరించేది. నాకు తల ఎత్తబుద్ధయ్యేది కాదు. ఆ రోజు పొయ్యి ముందు కూర్చున్నప్పుడు ఆ వాడలో ఒక్క మొహమైనా నాకు గుర్తుకు రాలేదు. నా ఉద్యోగమే గుర్తొచ్చింది.